తూము పక్కన మొలిచిన మొక్క

ఇంట్లో అంట్లు తోమి, చేతులు తుడుచుకుని, బస్సెక్కి వచ్చి, ల్యాబులో అంట్లు తోమడం ఆమె దినచర్య. తేడా అల్లా ఒక్కటే, ఇంట్లోవి స్టీలువి, ఇక్కడివి గాజువి. ఇంట్లో గిన్నెకి జిడ్డు మిగిలితే అత్తగారు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మాట్లాడకుండా మళ్ళీ సింకులో పడేస్తారు. ఇక్కడ సీసాకి మరక మిగిలితే సైంటిస్టుగారు వెలుతురుకెత్తి పట్టుకుని చూసి, మాట్లాడకుండా మళ్ళీ సింకు పక్కన పెడతారు. తల్లికీ కొడుక్కీ ఆ చూపు ఒక్కటే, ఆ పెదవి విరుపు ఒక్కటే. అవును, ఆ సైంటిస్టుగారు ఆమె మొగుడే.

ఆయన పొద్దున్నే ఎనిమిదిన్నరకల్లా కారులో వెళ్ళిపోతారు. ఆమెని కూడా ఎక్కించుకుని వెళ్ళొచ్చు కదా అని మీరడగవచ్చు. అప్పటికి ఆమెకి ఇంట్లో పని తెమలదు. పిల్లని బడికి పంపాలి, అత్తగారికి మాత్రలు విప్పి చేతిలో పెట్టాలి, సైంటిస్టుగారు స్నానాల గదిలో నేల మీద వదిలేసిన తువ్వాలు తీసి ఆరెయ్యాలి. నలభై ఆరేళ్ళ మనిషికి, రెండు డిగ్రీలూ ఒక డాక్టరేటూ ఉన్న మనిషికి, తడి తువ్వాలు దండెం మీద వేస్తే ఆరుతుందన్న సంగతి ఇంకా పరిశోధనలోనే ఉంది.

తొమ్మిదేళ్ళ కిందట ల్యాబులో టెక్నీషియన్ రిటైరయ్యాడు. ఆ పోస్టు మళ్ళీ భర్తీ కాలేదు. అప్పుడు సైంటిస్టుగారికి ఇంట్లో ఒక మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ ఉన్నట్టు గుర్తొచ్చింది. "ఇంట్లో ఊరికే కూర్చునే బదులు ఓ నాలుగు గంటలు వచ్చిపోరాదూ, నీకూ కాస్త పొద్దుపోతుంది" అన్నారు. ఊరికే కూర్చోవడం అంటే ఏమిటో తెలుసుకోవాలని ఆమెకి ఎప్పటినుంచో కోరిక. ఒక్కసారి కూడా కుదరలేదు. అయినా సరేనంది. మళ్ళీ మైక్రోస్కోపు చూడొచ్చన్న ఆశ అది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే క్లాసు. ఆమె మార్కులు తన మార్కులకంటే ఎక్కువన్న సంగతి ఆయన ఒక్కరోజూ మర్చిపోలేదు, ఒక్కరికీ చెప్పనూ లేదు.

నాలుగు గంటలు కాస్తా ఏడయ్యాయి. జీతం మాట ఎత్తితే, "నేను తెచ్చేది నీది కాదా" అన్నారు. ల్యాబుకి ఎవరొచ్చినా సింకు దగ్గరున్న ఆమెని గడ్డంతో చూపించి, "మా ఇంటావిడ. సరదాకి వస్తుంది" అని పరిచయం చేస్తారు. వచ్చినవాళ్ళు నవ్వుతారు, ఆమె తడి చేతులతో నమస్కారం పెడుతుంది. అత్తగారి లెక్కలో అయితే అది సరదా కూడా కాదు, షికారు. "వాడు పనికెళ్తాడు, ఇది వాడి వెనకాలే షికారుకెళ్తుంది" అని ఫోనులో చుట్టాలందరికీ చెబుతూంటారు. సాయంత్రం ఆ షికారు నుంచి వచ్చి ఆమె కూరగాయలు తరుగుతుంది.

ఆ ల్యాబు బతికేది ఒకే ఒక్క బాక్టీరియా మీద. ఆ బాక్టీరియా కథ మొదలైంది ల్యాబులో కాదు, వాళ్ళ వంటింటి వెనక, తూము పక్కన.

ఆమె పారేసిన తొక్కల్లోంచి, గింజల్లోంచి అక్కడ ఓ డజను టమాటా మొక్కలు వాటంతటవే మొలిచాయి. ఒక వారం వడలు తెగులొచ్చి పదకొండు మొక్కలు తలలు వాల్చేశాయి. పన్నెండోది, సరిగ్గా తూము పక్కన ఉన్నది, ఏమీ ఎరగనట్టు నిలబడింది. ఇంకొకరైతే పోనీలే ఒక్కటైనా దక్కింది అనుకుని కాయలు కోసుకునేవాళ్ళు. ఆమె గరిటె తెచ్చి, దాని వేళ్ళు పట్టుకున్న మట్టిని తవ్వి, ఖాళీ కాఫీ డబ్బాలో వేసుకుని బస్సెక్కింది. ఆ మట్టిని నీళ్ళలో కలిపి, బాక్టీరియాకి తిండి పోసి గడ్డకట్టించిన గాజు ప్లేట్ల మీద పూసి, మొలిచిన రకాలన్నిటినీ విడదీసింది. నలభై పైచిలుకు రకాలు. ఒక్కొక్కదాన్నీ టమాటా నారు వేళ్ళకి పట్టించి, ఆ నారుని తెగులు మట్టిలో నాటి చూసింది. మూడు నెలలు పట్టింది. పంతొమ్మిదోది పట్టించిన నారు ఒక్కటే బతికింది.

మట్టిలో ఉండే బాక్టీరియా అంటే జబ్బులే గుర్తొస్తాయి అందరికీ. కానీ కొన్ని వేరుని అంటిపెట్టుకుని బతుకుతాయి. తెగులు తెచ్చే బూజుకి అక్కడ చోటు దొరకనివ్వవు, తిండి దొరకనివ్వవు, దాన్ని ఆపే మందు తామే తయారుచేస్తాయి. వింత ఏమిటంటే, కింద వేరు దగ్గరుండి పైన ఆకు దాకా కబురు పంపుతాయి. దాంతో మొక్క ఒళ్ళంతా అప్రమత్తమవుతుంది, తెగులు వచ్చేసరికి ఎదుర్కోవడానికి తయారుగా ఉంటుంది. ఇదంతా ఆమె చదువుకున్నదే. అయినా కళ్ళ ముందు పంతొమ్మిదో వరస పచ్చగా నిలబడి ఉంటే, ల్యాబులో ఎవరూ లేని సమయం చూసి ఆమె ఏడ్చింది. పెళ్ళయ్యాక సంతోషంతో ఏడవడం అదే మొదటిసారి.

సైంటిస్టుగారు చూసి, "బాగానే ఉందే" అన్నారు. ఏడాది తిరిగేసరికి పేపరు అచ్చయింది. పేరు ఆయనది. రాతకోతలన్నీ ఆమెవి, ఆయన ఇంగ్లీషు మాత్రం రెండు చోట్ల మార్చి ఇంకా పాడుచేశారు. చివర్లో కృతజ్ఞతల్లో, మైక్రోస్కోపు బాగుచేసిన కంపెనీ తర్వాత, 'ఎంతో ఓర్పు వహించిన నా భార్యకు' అని ఉంది. ఓర్పట. పదకొండు మొక్కలు చచ్చి ఒకటి ఎందుకు బతికిందని అడిగింది ఓర్పా? ఓర్పే గనక బాక్టీరియాని పట్టగలిగితే అత్తగారి పక్కన పదిహేనేళ్ళు బతికిన ఆమె ఈపాటికి వెయ్యి బాక్టీరియాలు పట్టి ఉండేది.

ఆ పేపరుకి సన్మానం కూడా జరిగింది. సభలో సైంటిస్టుగారు మైకు ముందు గొంతు సవరించుకుని, "నా భార్య కూడా వేరు దగ్గరి బాక్టీరియా లాంటిదే. పైకి కనబడదు, ప్రతిఫలం కోరదు, నన్ను నిలబెడుతుంది" అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. పక్క కుర్చీలో అత్తగారు కళ్ళొత్తుకున్నారు, తన కొడుకు ఎంత బాగా మాట్లాడాడోనని. ఆమెకి మాత్రం నవ్వొచ్చింది. సభలో నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. బాక్టీరియా మీద డాక్టరేటు ఉన్న మనిషి, అది ప్రతిఫలం కోరదంటున్నాడు. ఆకు వండుకున్న దాంట్లో అయిదో వంతు దాకా వేరు చక్కెరగా మట్టిలోకి వదులుతుంది. ఆ చక్కెర కోసమే అది వేరు దగ్గర చేరుతుంది. ఆ ముక్క ఆయన పేపర్లోనే ఉంది, రెండో పేజీలో. ఆమె రాసింది కనక ఆయన చదివి ఉండరు.

పేరొచ్చాక సైంటిస్టుగారు ఒక్క పని మాత్రం తన చేత్తో చెయ్యడం మొదలుపెట్టారు. రెండు వారాలకోసారి పాత ప్లేటు మీది బాక్టీరియాని కొత్త ప్లేటు మీదికి మార్చాలి. తెల్లకోటు తొడుక్కుని, మంట ముందు కూర్చుని సన్నటి తీగ కాల్చి, దాని కొసతో ఎత్తి మార్చే ఆ పని ఫొటోల్లో బాగుంటుంది. ప్లేటు మీద చుక్కలు చుక్కలుగా మొలిచిన వాటిలోంచి ఆయన ప్రతిసారీ అన్నిటికంటే పెద్దది, లావుగా నిగనిగలాడుతున్నది ఏరి తీసేవారు. "చూడు, ఏం ఆరోగ్యంగా ఉందో" అనేవారు.

ఆమె నాలుగైదుసార్లు చూసి ఊరుకోలేకపోయింది. ప్లేటు మీద తిండికి లోటు లేదు, మీద పడే శత్రువు లేడు. మందు తయారుచెయ్యడం దండగ. ఆ పని మానేసినవే తొందరగా లావెక్కుతాయి. పని చేసేవి చిన్నగా, ఆలస్యంగా మొలుస్తాయి. మీరు ప్రతిసారీ పని దొంగల్నే ఏరి పెంచుతున్నారండీ, ఇలా చేస్తే నాలుగేళ్ళకి మొక్కని కాపాడేది ఒక్కటీ మిగలదు అని నెమ్మదిగా చెప్పింది. అంత ఖాయంగా ఎలా చెప్పగలిగిందంటే, కూర్చోబెట్టి తిండి పెడితే ఏమవుతుందో ఇంట్లో రోజూ చూస్తున్న మనిషి కదా. సైంటిస్టుగారు తీగ దించకుండానే, "నువ్వు చదువు ఆపేసి ఎన్నేళ్ళయింది?" అన్నారు. ఆమె సింకు దగ్గరికి వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయింది గానీ, ఆ వారమే వంటింటి కిటికీ గట్టు మీద ఏడు కుండీలు వెలిశాయి. కాఫీ డబ్బాలో మిగిలిన తూము మట్టినే ఆమె మొదలు చేసుకుంది. తెగులున్న మట్టిలో నారు నాటడం, బతికిన మొక్క వేళ్ళని కొత్త కుండీకి మార్చడం, మళ్ళీ నాటడం. ప్రతి పంట కారుకీ అంతే. పని చేసే బాక్టీరియాకే అక్కడ బతుకు, చెయ్యనిది మొక్కతో పాటు పోతుంది. ఇదేమీ గొప్ప రహస్యం కాదు. కూరలో ఉప్పు చూసినట్టు, రోజూ ఓసారి చూసుకుంటే చాలు. "వంటింట్లో ఈ మట్టేమిటమ్మా, కాపురం చేస్తున్నావా వ్యవసాయం చేస్తున్నావా" అన్నారు అత్తగారు. ఆరేళ్ళపాటు రోజూ అన్నారు. సైంటిస్టుగారు ఆ కిటికీలోంచి ఆరేళ్ళు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు, ఒక్కసారీ కుండీల వంక చూడలేదు.

ఈ ఏడాది మొదట్లో ల్యాబుకి నర్సరీ ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, పెద్ద గొంతు, గోళ్ళ నిండా మట్టి. రెండు షెడ్లలో నారు పెంచి అమ్ముతుంది. వాడిపోయిన టమాటా నారు ట్రే ఒకటి తెచ్చి సైంటిస్టుగారి బల్ల మీద, కాగితాల మీదే పెట్టింది. మీరిచ్చిన బాక్టీరియా సీసా పోశాను, కుళాయి నీళ్ళు పోసినా ఇలాగే ఉండేది అంది. ఆయన రుమాలుతో మట్టి దులుపుకుని, మందు మంచిదే, వాడే పద్ధతి తెలియాలమ్మా, చదువులేనివాళ్ళతో ఇదే ఇబ్బంది అన్నారు. నర్సరీ ఆవిడ ట్రే తీసుకుని, మంచినీళ్ళ కోసం సింకు దగ్గరికి వచ్చింది. ఆమె గ్లాసుతో పాటు ఒక చీటీ ఇచ్చింది, ఇంటి అడ్రసు రాసి.

ఆ సాయంత్రం కిటికీ గట్టు మీది ఒక మొక్కని కుండీతో సహా నర్సరీ ఆవిడ చేతిలో పెట్టి, వేళ్ళు కడిగిన నీళ్ళలో కొత్త నారు వేళ్ళు ముంచి నాటమని చెప్పింది. యాభై రోజుల తర్వాత ఫోనొచ్చింది.

"చెల్లీ, ఒక్క మొక్క వాలలేదు. ఇటు చూస్తే పచ్చన, అటు చూస్తే పచ్చన. ఇది చేసింది మీ ఆయన కాదు కదూ?"

నర్సరీ ఆవిడ అదే ఊపులో చెప్పేసింది. షెడ్డు పక్కన ఒక గది ఖాళీగా ఉంది, వచ్చి చెయ్యి, జీతం కాగితం మీద రాసిస్తాను, బయట బోర్డు మీద నీ పేరే ఉంటుంది అని. ఆలోచించి చెబుతానంది ఆమె. రెండు నెలలు ఆలోచించింది. ఆ రెండు నెలల్లో తన మీద తనకి కలిగినంత రోత మొగుడి మీద కూడా కలగలేదు. ఏమిటి అడ్డం? పిల్లా? అది తన జడ తనే వేసుకుంటోంది. అత్తగారా? ఆవిడ మాత్రల డబ్బా మూత తియ్యగలరు, టీవీ రిమోటు వెనక మూత తీసి బ్యాటరీలు మార్చడం ఆమె కళ్ళారా చూసింది. అసలు సంగతి వేరు. ఆయన పేరొస్తే నాకొచ్చినట్టే కదా అని తొమ్మిదేళ్ళుగా తనకి తాను చెప్పుకున్న అబద్ధం ఒకటుంది. దాన్ని పెంచింది తనే, రెండు వారాలకోసారి కొత్త ప్లేటు మీదికి మార్చింది తనే, బాగా నిగనిగలాడింది కూడా. అది వదిలిపెడితే తొమ్మిదేళ్ళూ ఏమైనట్టు?

ఇంతలో కమిటీ వచ్చింది. ల్యాబుని పెద్దది చెయ్యాలా, సైంటిస్టుగారిని దానికి అధిపతిని చెయ్యాలా అన్నది తేల్చడానికి ముగ్గురు పెద్దమనుషులు. వాళ్ళకి చూపించడానికని సైంటిస్టుగారు గాజు షెడ్డులో రెండు వరసలు టమాటా నాటించారు. రెండిటికీ తెగులు మట్టే. ఒక వరసకి తన ఫ్రిజ్‌లోని బాక్టీరియా పోశారు, రెండో దానికి ఉత్త నీళ్ళు. కుండీలిమ్మని ఆమెని అడగలేదు. అలాంటివి ఉన్నాయనే ఆయనకి తెలియదు కదా. ఆమె చెప్పనూ లేదు. ఒకసారి చెప్పింది, చదువు ఆపేసి ఎన్నేళ్ళయిందని అడిగారు, అంతటితో ఆ చర్చ ముగిసింది.

ఆ రోజు కాఫీ ట్రే పట్టుకుని ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడింది. రెండు వరసలూ ఒక్కలాగే తలలు వాల్చి ఉన్నాయి. ఏది ఏ వరసో చెప్పడానికి సైంటిస్టుగారికే చీటీ చూడాల్సి వచ్చింది. కమిటీ పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఏం జరిగి ఉంటుందంటారు అని మర్యాదగానే అడిగారు. సైంటిస్టుగారి చూపు షెడ్డంతా తిరిగి, చివరికి కాఫీ ట్రే దగ్గర ఆగింది.

"సీసాలు కడగడంలో తేడా వచ్చి ఉంటుందండీ. సబ్బు మిగిలిపోయినా బాక్టీరియా చచ్చిపోతుంది. కడిగేది మా ఇంటావిడ. జీతం మనిషి కాదు, సరదాకి వస్తుంది. గట్టిగా అనలేం కదా."

ముగ్గురూ ఆమె వంక చూశారు. పెద్దాయన కప్పు అందుకుంటూ, "కాస్త శ్రద్ధగా కడగాలమ్మా, ఇది సైన్సు కదా" అన్నారు. దయగానే అన్నారు. ఆమె అలాగేనండి అంది. కోపం వస్తుందేమోనని ఒక్క క్షణం ఎదురుచూసింది. రాలేదు. బూజు పట్టిన రొట్టెముక్క మీద ఎవరికైనా కోపం వస్తుందా? చీదర వచ్చింది. ఇంత చిన్న మనిషిని గారు గారు అంటూ ఇన్నేళ్ళు మోశానా అనిపించింది. పెద్దాయన నలభై రోజులు గడువిచ్చి, ఈసారి సరిగ్గా చేసి చూపించమన్నారు.

వాళ్ళు వెళ్ళాక ఆమె ఖాళీ కప్పులు తెచ్చి సింకులో పెట్టింది. కుళాయి విప్పబోయి ఆగింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ సింకులో అంట్లు అంట్లుగానే వదిలేసి, సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. బస్టాపులో నిలబడి నర్సరీ ఆవిడకి ఫోను చేసింది. మధ్యాహ్నానికల్లా నర్సరీ వ్యాను వచ్చి ఇంటి ముందు ఆగింది. అత్తగారు గుమ్మంలో నిలబడి, కుండీలు పోతున్నందుకు సంతోషించాలో, కోడలు తనని అడక్కుండా పంపుతున్నందుకు అలగాలో తేల్చుకోలేక, రెండూ కాసేపు కాసేపు చేశారు.

సాయంత్రం సైంటిస్టుగారు బూట్లయినా విప్పకుండా నేరుగా వంటింట్లోకి వచ్చారు. తూము మట్టి పోసిన టమాటా కుండీలని నర్సరీవాళ్ళు పట్టుకుపోయారని వాళ్ళమ్మ ఫోను చేసి చెప్పి ఉంటారు, మిగతాది దారిలో ఆయనే ఆలోచించుకున్నట్టున్నారు. కిటికీ గట్టు వంక చూశారు. గట్టు మీద గుండ్రటి తడి మరకలు వరసగా ఉన్నాయి. ఆమె పొయ్యి దగ్గర లేదు. బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగుతోంది, ఒక్క కప్పే కలుపుకుని.

"కుండీలేవీ?"

"నర్సరీకి పంపేశాను. రేపట్నుంచి నా ఉద్యోగం అక్కడే."

ఉద్యోగమన్న మాట ఆయన చెవికెక్కినట్టు లేదు. నలభై రోజులే గడువుంది, ఆ బాక్టీరియా తనకి కావాలి, రేపే తెప్పించు అన్నారు. అది ల్యాబు సొత్తన్నారు. ల్యాబుది ల్యాబు ఫ్రిజ్‌లోనే ఉంది, నిగనిగలాడుతోంది, ఇది తూము పక్కది అందామె. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గొంతు తగ్గించారు. మైకు ముందు వాడే గొంతు అది.

"మొగుడూ పెళ్ళాల మధ్య నాదీ నీదీ ఏమిటి? అంత మంది ముందు నేను చెప్పలేదా, నన్ను నిలబెట్టే బాక్టీరియా నువ్వేనని?"

"చెప్పారు. అది ఊరికే చెయ్యదండీ. తిండి పెట్టే వేరు దగ్గరే ఉంటుంది. మీ పేపర్లో రెండో పేజీ, తీరిక చేసుకుని చదవండి."

ముందు గదిలోంచి అత్తగారు కాఫీ ఇంకా రాలేదని కేకేశారు. ఎవరూ కదల్లేదు. ఆమె తన కప్పు తను కడుక్కుని, బోర్లించి, చేతులు తుడుచుకుంది. అప్పటికి గానీ ఆయన అసలు కష్టం ఆయనకి తట్టలేదు. ల్యాబు సింకులో ఆమె అంట్లు వదిలి వచ్చిన సంగతి గుర్తొచ్చినట్టుంది.

"మరి రేపు ల్యాబులో సీసాలు కడిగేదెవరు? ప్లేట్లు పోసేదెవరు?"

ఆమె చేతులు తుడుచుకున్న తువ్వాలు ఆయన ఒళ్ళో పెట్టింది.

"సరదా ఉన్నవాళ్ళు ఎవరైనా వస్తారు లెండి."